కళ్ళకలక అనుకున్న కన్ను: ఎనిమిదేళ్ళ పాపకు తెల్లవారుజామున సైనస్ ఆపరేషన్

2023 వానాకాలం మన దగ్గర అందరికీ గుర్తుండే ఉంటుంది. జులై, ఆగస్టు నెలల్లో ఎక్కడ చూసినా కళ్ళకలకే. బడిలో ఒకళ్ళకి కన్ను ఎర్రబడితే మర్నాటికి ఆ బెంచీ అంతా అంటుకునేది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ పాప మా ఆసుపత్రికి, చెవి ముక్కు గొంతు విభాగంలో నా దగ్గరికి వచ్చింది. ఎనిమిదేళ్ళు, మూడో తరగతి, బరువు 23 కిలోలు. తల్లిదండ్రుల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను.

పాపకి అప్పటికి పది రోజులుగా జలుబు. మొదట్లో నీళ్ళలా కారేది, తర్వాత చిక్కటి పచ్చ చీమిడిగా మారింది. ఎడమవైపు ముక్కుదిబ్బడ ఎక్కువ. ఎనిమిదో రోజున జ్వరం తగిలింది. మర్నాడు లేచేసరికి ఎడమ కంటి రెప్ప ఉబ్బి ఉంది. బడికి పంపితే కళ్ళకలకేమోనని గంటలోనే తిప్పి పంపారు. దారిలో మందుల షాపులో చుక్కల మందు తీసుకున్నారు. నాయనమ్మ పక్కింటి బాలింతరాలి చేత రెండు చుక్కలు పాలు కూడా వేయించింది. మూడో రోజుకి కన్ను పూర్తిగా మూసుకుపోయి, జ్వరం 103 దాటాక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన చేతులతో రెప్ప తెరిచి చూసి, ఒక్క ముక్క రాసి వెంటనే మా దగ్గరికి పంపారు: "కన్ను బయటికి వస్తోంది, కదలిక తక్కువ." ఆ ఒక్క వాక్యం వల్ల మాకు సగం రోజు కలిసొచ్చింది.

గురువారం సాయంత్రం నాలుగింటికి చేర్చుకున్నాం.

మొదటిసారి చూసినప్పుడు

రెప్ప నేరేడుపండు రంగులో నిగనిగలాడుతోంది. దానంతట అది తెరుచుకోదు. పాపని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, రెండు దూది పుల్లలతో పై రెప్పని మెల్లగా పైకి జరిపాను. కనుగుడ్డు ముందుకు ఉబికి, చెవి వైపుకి, కాస్త కిందికి జరిగి ఉంది. నా వేలిని చూడమంటే కుడి కన్ను అన్ని వైపులకీ తిరుగుతోంది. ఎడమ కన్ను ముక్కు వైపు సగం దూరం వచ్చి ఆగిపోతోంది. తిప్పినప్పుడు నొప్పి అని ఏడ్చింది. చూపు కుడి కంటికి 6/6, ఎడమ కంటికి 6/9 (6/6 అంటే మామూలు చూపు, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు). టార్చి వేస్తే రెండు కంటిపాపలూ బాగానే ముడుచుకుంటున్నాయి.

తల్లిదండ్రులు కళ్ళకలకకీ దీనికీ తేడా తెలుసుకుంటే చాలు, నేను ఇదంతా రాసినందుకు ఫలితం దక్కినట్టే. కళ్ళకలకలో తెల్లగుడ్డు ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, పుసి కడుతుంది. రెండు రోజుల్లో రెండో కంటికీ వస్తుంది. కానీ కనుగుడ్డు ముందుకి రాదు, అన్ని వైపులకీ హాయిగా తిరుగుతుంది. జలుబు చేసిన పిల్లకి ఒకే కంటి రెప్ప ఉబ్బి, జ్వరం కూడా ఉంటే ఆ కన్నుని చేత్తో తెరిచి చూడాలి. కన్ను తిరగకపోయినా, ఉబికినా, రెండుగా కనబడుతోందని పిల్ల చెప్పినా ఆ రాత్రి ఇంట్లో ఉంచకూడదు.

ముక్కులో మందు చుక్కలు వేసి, పది నిమిషాలాగి సన్నటి ఎండోస్కోప్‌తో చూస్తే ఎడమ పక్క చీము ధార కట్టి వస్తోంది. కంటి జబ్బు పుట్టింది అక్కడే. రెండు కళ్ళ మధ్య, ముక్కు పైభాగంలో తేనెపట్టు గదుల్లాంటి చిన్న చిన్న గాలి గదులుంటాయి. వాటిని ఎథ్మాయిడ్ సైనస్‌లు అంటారు. పుట్టుకతోనే ఉంటాయి. నుదుటి సైనస్ అయితే ఎక్స్-రేలో కనబడేంత ఎదగడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అందుకే పసిపిల్లల్లో కంటికి ఎసరు పెట్టేది ఎక్కువగా ఎథ్మాయిడే. ఈ గదులకీ కంటి గూటికీ మధ్య ఉన్న గోడ కాగితమంత పలచన. దాని లాటిన్ పేరుకి అర్థం కూడా అదే. రక్తనాళాల కోసం ఆ గోడకి పుట్టుకతోనే సన్నటి బెజ్జాలుంటాయి. చీము వాటిలోంచి దూరి, గోడకీ దానిని అంటిపెట్టుకున్న పొరకీ మధ్య నిలబడుతుంది. పొర బెలూన్‌లా ఉబ్బి కనుగుడ్డుని అవతలికి నెడుతుంది.

కంటికి పాకిన సైనస్ ఇన్‌ఫెక్షన్‌కి 1970లో చాండ్లర్ అనే డాక్టరు ఐదు మెట్లు రాశాడు. మేమిప్పటికీ అవే వాడతాం. మొదటిది రెప్ప వాపు, రెండోది కంటి గూటిలో వాపు, మూడోది గోడకీ పొరకీ మధ్య చీము, నాలుగోది గూటి లోపలే చీముగడ్డ, ఐదోది మెదడు కింది సిరలో రక్తం గడ్డకట్టడం. పైకి చూస్తే మొదటి మెట్టూ మూడో మెట్టూ ఒక్కలాగే ఉంటాయి, ఉబ్బిన రెప్ప అంతే.

రక్తంలో తెల్లకణాలు 19,400. ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ 112. సైనస్‌లు, కంటి గూళ్ళు, మెదడు మూడూ కలిసొచ్చేలా, కాంట్రాస్ట్ అనే రంగు మందు ఇచ్చి సీటీ స్కాన్ తీయించాం. ఎడమ ఎథ్మాయిడ్, బుగ్గ సైనస్ పూర్తిగా నిండిపోయాయి. కంటి గూటి లోపలి గోడ పక్కన 7 మిల్లీమీటర్ల మందాన చీము. మెదడు శుభ్రంగా ఉంది. అంటే మూడో మెట్టు.

కోయాలా, ఆగాలా

చీము ఉందంటే వెంటనే కోసి తీసేయాలి కదా అనిపిస్తుంది. నేను చదువుకునే రోజుల్లో అలాగే నేర్పారు. పిల్లల్లో ఇప్పుడు ఆ లెక్క మారింది. 2000లో గార్షియా, హారిస్ అనే కంటి వైద్యులు ఒక పద్ధతి చెప్పారు. తొమ్మిదేళ్ళలోపు పిల్ల అయి, చీము లోపలి గోడ పక్కనే ఉండి, మరీ పెద్దది కాకపోతే, నుదుటి సైనస్‌కి ఇన్‌ఫెక్షన్ లేకపోతే, పంటి నుంచి వచ్చింది కాకపోతే, చూపు దెబ్బతినకపోతే ముందు నరానికి యాంటీబయాటిక్ ఇచ్చి చూడవచ్చు. చిన్నపిల్లల్లో సాధారణంగా ఒకే రకం సూక్ష్మజీవి ఉంటుంది, మందుకి లొంగుతుంది. పెద్దయ్యేకొద్దీ గాలి అక్కర్లేని రకాలు కూడా కలిసి మొండిపడుతుంది. మా పాప ఈ షరతులన్నిటికీ సరిపోయింది. పైగా నరానికిచ్చే మందు ఇంతవరకూ ఒక్క డోసూ పడలేదు.

అందుకని ఆగాలనే నిర్ణయించాం. సెఫ్ట్రియాక్సోన్, క్లిండమైసిన్ మొదలుపెట్టాం. ముక్కులో ఉప్పునీళ్ళు, ముక్కు తెరుచుకునే చుక్కలు. కంటి డాక్టరు గారూ నేనూ కలిసి చూడాలని, ఇద్దరిలో ఎవరు ఎప్పుడు ఆపరేషన్ అన్నా రెండోవాళ్ళు అడ్డు చెప్పకూడదని మాట్లాడుకున్నాం.

ఇలా ఆగడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. గంటగంటకీ కన్ను చూడాలి. చూపు, కంటిపాప, కదలిక, రంగు. ఈ నాలుగింటికీ గడులు గీసి కేస్ షీట్‌కి అతికించాం. రంగు పరీక్షకి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఇంజెక్షన్ సీసా ఎర్ర మూత ఒకటి చాలు. ఒక కన్ను మూసి చూపించాలి, తర్వాత రెండో కన్ను మూసి చూపించాలి. రెండు కళ్ళకీ ఒకే ఎరుపు కనబడాలి. కంటి నరం మీద ఒత్తిడి పడితే అక్షరాలు చదవగలిగే స్థితిలోనే ఎరుపు వెలవెలబోతుంది. చాలాసార్లు చూపు తగ్గడానికి ముందే రంగు తగ్గుతుంది.

నైట్ డ్యూటీ సిస్టర్ దీన్ని పాపకి ఆటలా నేర్పింది. మొదటి రాత్రి గంటకోసారి లేపితే పాప విసుక్కుంటూనే "ఎరుపు, ఎరుపు" అనేసి పడుకునేది.

శుక్రవారం మధ్యాహ్నానికి జ్వరం 100కి దిగింది. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. వాపు మాత్రం తగ్గలేదు. సాయంత్రం మళ్ళీ 102. కన్ను కదలిక అంతే. చూపు 6/9 దగ్గరే నిలిచింది. 24 నుంచి 48 గంటలు చూడాలన్నది లెక్క. మాకు అప్పటికి 26 గంటలు. రాత్రి పదింటి నుంచి నోటికి ఏమీ పెట్టొద్దని, ఉదయం ఆరింటికి మళ్ళీ చూసి తేలుద్దామని చెప్పి ఇంటికి వెళ్ళాను.

శనివారం తెల్లవారుజాము

మూడుంబావుకి ఫోన్. సిస్టర్ ఏ కంగారూ లేకుండా చెప్పింది: "మేడమ్, మూత మంచి కంటికి ఎర్రగా ఉందంట. వాపు కంటికి వెలిసిపోయిన చొక్కాలా ఉందంటోంది."

ఎనిమిదేళ్ళ పిల్ల అంతకంటే స్పష్టంగా చెప్పలేదు. పది నిమిషాల్లో వార్డులో ఉన్నాను. చూపు 6/18. టార్చి కుడి కంటి నుంచి ఎడమ కంటికి తిప్పితే, ముడుచుకోవాల్సిన కంటిపాప కొంచెం విచ్చుకుంటోంది. కంటి నరం నలుగుతోందనడానికి అది గుర్తు. ముక్కు వైపు కదలిక దాదాపు లేదు.

ఇక ఆలోచించడానికేమీ లేదు. ఆపరేషన్ థియేటర్ సిద్ధమయ్యే అరగంటలో ఇంకోసారి సీటీ తీశాం. పిల్లకి రెండోసారి రేడియేషన్ అని తెలుసు. కానీ చీము కంటి గూటి పైకప్పు వైపు పాకితే ముక్కు దారి సరిపోదు, బయటి నుంచి కూడా తెరవాలి. అది కత్తి పట్టుకోకముందే తెలియాలి. స్కాన్‌లో 7 మిల్లీమీటర్లు 11 అయింది. పైకి పాకలేదు.

తండ్రి కువైట్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో మాట్లాడాను. అక్కడ అప్పుడు ఒంటిగంట దాటింది. మొదటి ప్రశ్న చూపు గురించి. "ఇప్పటికిప్పుడు ఒత్తిడి తీసేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. ఆలస్యం చేస్తే అలా చెప్పలేను" అన్నాను. రెండోది: "కంటికి జబ్బయితే ముక్కుకి ఆపరేషనేంటి మేడమ్?" చీము ముక్కు గదుల్లోంచి వచ్చింది, తిరిగి ఆ దారినే తీస్తే ముఖం మీద గాటు ఉండదని చెప్పాను. మూడోది ప్రతి ఇంట్లోనూ అడిగేదే. సైనస్ ఆపరేషన్ చేస్తే మళ్ళీ మళ్ళీ చేయాల్సి వస్తుందటగా, చిన్నపిల్లకి ముఖం సరిగ్గా ఎదగదటగా అని.

ముఖం ఎదుగుదల భయం ఉత్తినే పుట్టింది కాదు. 1990లలో పందిపిల్లలకి ఇలాంటి ఆపరేషన్ చేసి చూస్తే ఎముక ఎదుగుదల తగ్గింది. దాంతో డాక్టర్లూ భయపడ్డారు. తర్వాత చిన్నప్పుడు ఆపరేషన్ అయిన పిల్లల్ని పదేళ్ళు దాటాక కొలిచి చూసి 2002లో ఫలితం ప్రచురించారు. చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ తెల్లవారుజామున ఇంత చెప్పలేదు. "ముఖానికేమీ కాదు, నాన్నా. సంతకం అమ్మ చేస్తుంది, మీరు సరే అనండి" అన్నాను. సరే అన్నాడు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని "నేను పాలు వేయించడం వల్లేనా అమ్మా?" అంది. "కాదు మామ్మగారూ, జలుబు వల్ల" అని చెప్పి లోపలికి వెళ్ళాను.

ఆపరేషన్

నాలుగున్నరకి మొదలైంది. రెండు కళ్ళూ గుడ్డ కప్పకుండా వదిలేశాం. మా జూనియర్ పని ఒక్కటే: ఎడమ కన్ను మీద చూపు తిప్పకుండా ఉండటం. లోపల నేను గోడ దగ్గర కదిపితే బయట కన్ను కదులుతుంది. అది నాకు హెచ్చరిక.

తల వైపు బల్ల ఎత్తాం. ఎడ్రినలిన్‌లో తడిపిన దూది పట్టీలు పెట్టి ఐదు నిమిషాలు ఆగాం. ఇన్‌ఫెక్షన్ ఉన్న ముక్కు ముట్టుకుంటే రక్తం. పెద్దవాళ్ళలో ఆ రక్తం చిరాకు, అంతే. 23 కిలోల పిల్లలో మొత్తం రక్తమే లీటరున్నర చిల్లర. అందుకే మత్తు డాక్టరు గారు బీపీ తగ్గించి ఉంచుతూ, సక్షన్ సీసాలో ఎంత పడిందో పది నిమిషాలకోసారి పైకి చదివారు. చివరికి 60 మిల్లీలీటర్లు.

పిల్లల ముక్కులో 4 మిల్లీమీటర్ల స్కోప్ పట్టినా పక్కన పరికరానికి చోటుండదు. 2.7 స్కోప్ వాడాను. బుగ్గ సైనస్ ద్వారం ముందున్న కొడవలి ఆకారపు సన్నటి ఎముకని తీయగానే చీము జారింది. తర్వాత ఎథ్మాయిడ్ మొదటి గది, ఆ వెనక గదులు ఒక్కొక్కటీ తెరిచాను. ప్రతి గదిలోనూ వాచిన పొర, చిక్కటి చీము.

అప్పుడు కనబడింది ఆ కాగితపు గోడ. మామూలుగా లేత పసుపు రంగులో, దీపం వెనక పెట్టిన గుడ్డు పెంకులా ఉంటుంది. ఇక్కడ ముక్కు వైపు ఉబ్బి ఉంది. మధ్యలో మొద్దు పరికరం ఆనించి కొద్దిగా నొక్కితే టిక్కుమని విరిగింది. ఆ పగుల్లోంచి చీము ఒత్తిడితో ఎగజిమ్మి స్కోప్ అద్దం కప్పేసింది. తుడిచి మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి ఇంకా వస్తూనే ఉంది. దాదాపు 3 మిల్లీలీటర్లు. సగం సిరంజిలోకి తీసి, ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకి పంపాం. పెంకు ముక్కలు రెండు మూడు ఏరి, గోడలో సెంటీమీటరు కిటికీ చేశాను. కంటి డాక్టరు గారు బయటి నుంచి కనుగుడ్డుని వేలితో మెల్లగా నొక్కారు. మిగిలిన చీము కిటికీలోంచి వచ్చేసింది. "మెత్తబడింది" అన్నారు.

అక్కడితో ఆపేశాను. కంటి చుట్టూ ఉన్న పొరని కోయలేదు, అవసరం లేదు. కుడి పక్క సైనస్‌లలోనూ కాస్త మసక ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ముక్కు వెనక ఎడినాయిడ్ (పిల్లల్లో ఉండే టాన్సిల్ లాంటి కండ) మధ్యస్థంగా పెరిగి ఉంది, అదీ వదిలేశాను. ఎలాగూ మత్తులో ఉంది కదా అన్నీ ఒకేసారి చేసేద్దామన్న ఆలోచన నాకూ వస్తుంది. వాచి, రక్తం కారుతున్న చిన్న ముక్కులో అది తప్పు. ముక్కులో దూది కుక్కలేదు. కుక్కితే చీము బయటికొచ్చే దారి మూసినట్టవుతుంది, తీసేటప్పుడు పిల్లకి నరకం. మొత్తం 55 నిమిషాలు.

తర్వాత

ఏడున్నరకి పాప పూర్తిగా తెలివిలోకి వచ్చింది. మంచినీళ్ళు అడిగింది. నేను ఎర్ర మూత చూపించకముందే సిస్టర్ చూపించేసింది. కుడి కంటికి ఎరుపు. ఎడమ కంటికి కాసేపు చూసి "కొంచెం ఎరుపు" అంది. సాయంత్రానికి రెండూ ఒకటే. ఆదివారం చూపు 6/9, మంగళవారం 6/6. కన్ను ముక్కు వైపు పూర్తిగా తిరగడానికి ఆరు రోజులు పట్టింది. రెప్ప వాపు దిగడానికి ఎనిమిది రోజులు.

కల్చర్‌లో స్ట్రెప్టోకాకస్ ఆంజినోసస్ అనే సూక్ష్మజీవుల గుంపు పెరిగింది. చీముగడ్డలు కట్టడంలో ఆ గుంపు ఆరితేరింది. మేమిస్తున్న సెఫ్ట్రియాక్సోన్ దానికి పనిచేస్తుందనే రిపోర్టు. అంటే మందు తప్పు కాదు. గోడకీ పొరకీ మధ్య రక్తప్రసారం లేని చోట నిలిచిన చీములోకి మందు చేరలేదు. ఏడు రోజులు నరానికి ఇచ్చాం, తర్వాత అమోక్సిసిలిన్ క్లావులనేట్ నోటికి. మొత్తం మూడు వారాలు.

ఇప్పటికీ నన్ను వదలనిది ఒకటుంది. శుక్రవారం రాత్రి షీట్‌లో ఒంటిగంట, రెండు గంటల గడులు ఖాళీ. పాప అప్పుడే కాస్త నిద్రపోయింది, తల్లి రెండు చేతులూ జోడించి "ఒక్క రెండు గంటలు పడుకోనివ్వండి" అని బతిమాలింది. పన్నెండింటికి ఎరుపు ఎరుపుగానే ఉంది. మూడింటికి లేదు. మధ్యలో ఎప్పుడు మారిందో మాకు తెలియదు. ఒంటిగంటకే మారి ఉంటే ఆ నరం రెండు గంటలు ఎక్కువ నలిగింది. తప్పు తల్లిది కాదు, సిస్టర్‌ది అసలే కాదు. గడి ఎందుకు ఖాళీ ఉండకూడదో ఆ తల్లికి సాయంత్రమే కూర్చుని చెప్పాల్సింది నేను. ఇప్పుడు ఇలాంటి ప్రతి కేసులోనూ చేర్చుకున్న గంటలోపే ఆ షీట్ తల్లిదండ్రుల చేతికిచ్చి, ఒక్కో గడీ దేనికో చెబుతున్నాను. వాళ్ళే అలారం పెట్టుకుని సిస్టర్‌ని పిలుస్తున్నారు.

శుక్రవారం సాయంత్రం జ్వరం తిరగబెట్టినప్పుడే ఆపరేషన్ చేసి ఉండాల్సిందా అని కొందరు జూనియర్లు అడిగారు. చూపు, కంటిపాప బాగున్నంతవరకు జ్వరం ఒక్కటే చూసి నేను కోయను. రెండో రోజు దాకా జ్వరం, వాపు బిగదీసి, ఆ తర్వాత ఒక్క పూటలో తగ్గిపోయిన పిల్లలు నా దగ్గరే ఉన్నారు. రేపు ఇలాంటి పాప వచ్చినా అలాగే ఆగుతాను, ఖాళీ గడి లేకుండా.

ఈ కేసు చదివి జలుబు చేసే ప్రతి పిల్లకీ సైనస్ ఆపరేషన్ అవసరమనుకోవద్దు. బడికెళ్ళే పిల్లలకి ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే. సైనస్ ఆపరేషన్ కోసమే అని నా దగ్గరికి తెచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం, అలర్జీ ఉంటే ముక్కు స్ప్రే, వీటితోనే బాగుపడతారు. కొందరికి ఎడినాయిడ్ తీస్తే చాలు. ఒకే పక్క ముక్కు మూసేసే కండ, ఫంగస్ వల్ల వచ్చే పాలిప్స్, ఇలా కంటికీ మెదడుకీ పాకే ఇన్‌ఫెక్షన్, ఇలాంటివాటికే పిల్లల సైనస్‌ల మీద నేను చెయ్యి వేస్తాను.

వారం, మూడు వారాలు, మూడు నెలలకి చూశాం. మొదటిసారి ముక్కులో పొక్కులు కట్టాయి, గట్టిగా లాగకుండా ఉప్పునీళ్ళు పెంచమన్నాం. మూడు నెలలకి కిటికీ మీద కొత్త పొర నున్నగా పరుచుకుంది. ఏడాది తర్వాత వచ్చినప్పుడు ఇంకో జలుబు, ఇంకో చీమిడి సీజను గడిచిపోయాయి. కన్ను మాత్రం ఒక్కసారీ ఉబ్బలేదు. ఈసారి తండ్రి కూడా వచ్చాడు, సెలవు మీద. పాప నన్ను ఒకటే అడిగింది, వేసవిలో అన్నయ్యతో కలిసి కాలవలో ఈత కొట్టొచ్చా అని. కొట్టమన్నాను. ముక్కు కారుతున్న రోజుల్లో మాత్రం గట్టు మీదే ఉండమన్నాను.